రెండో ప్రకటన నాడు మేం సికింద్రాబాద్‌లో ఉన్నాం

ఆ రెండు రోజుల ప్రయాణంలో నాకు అర్థమైనవాటి కంటే కానివే ఎక్కువ. ఎటు పోవాలో అర్థం కాలేదు, ఎవరిని అడగాలో అర్థం కాలేదు, కళ్ల ముందు జరిగేది పండుగో పరేడో కూడా అర్థం కాలేదు. ఒక్క సంగతి మాత్రం బాగా అర్థమైంది. దాన్ని నేనేం చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది. మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. చెరుకు ఆడటం అయిపోతే ఆయనకు పని ఉండదు. మే నెలంతా ఇంట్లో కూర్చుని మా అవ్వ, అంటే మా అమ్మ, చేసే ప్రతి పనికీ వంక పెట్టేవాడు. నేను మాక్లూర్ బడిలో పంతులమ్మను. సెలవులిచ్చారు కాబట్టి నేనూ ఇంటి దగ్గరే ఉన్నాను. నాకప్పటికి ఇరవై ఆరేళ్లు. పెళ్లి ఊసెత్తితే కరిచేదాన్ని కాబట్టి నా జోలికి ఎవరూ రావడం లేదు. అవ్వ చూపంతా మా తమ్ముడి మీద పడింది.

తమ్ముడు నాకంటే నాలుగేళ్లు చిన్న. మా గుడిలో బాకా ఊదేవాడు. మా వాళ్లు గుడి అంటే చర్చే. క్రిస్మస్ నాడు వాడు ఊదితే ఫ్యాక్టరీ క్వార్టర్ల వాళ్లు కూడా వచ్చి గోడ పక్కన నిలబడేవాళ్లు. ఆ ఊదుడు చూసే వాణ్ని మిలిటరీ బ్యాండులోకి తీసుకున్నారు.

మాక్లూర్‌లో నేను అద్దెకున్న ఇంటి వాళ్లకు ఒక బిడ్డ ఉండేది. మా గుడి వాళ్లే, వ్యవసాయం. ఆ పిల్ల అక్కడి గుడిలో పాట ఎత్తుకునేది. గొంతు బాగుంటుందని అందరి గురించీ అంటాం గానీ, ఈ పిల్ల పాడుతుంటే నాలాంటి చిరాకు మనిషి కూడా నోరు మూసుకునేది. అవ్వ ఒకసారి విని అక్కడే నిశ్చయం చేసేసింది.

"మనోడు ఊదుతడు, ఆ పోరి పాడ్తది. ఇల్లంత పాటనే ఉంటది బిడ్డా," అంది.

ఆ పిల్ల ఫోటో ఒకటి మిలిటరీ చిరునామాకు పంపారు. మాలో ఒక పద్ధతి ఉంది. పిల్ల నచ్చకపోతే ఫోటో తిప్పి పంపుతారు. ఎవరూ నోటితో కాదనరు, మాట పడరు. ఫోటో రాలేదంటే ఒప్పుకున్నట్టే. ఫోటో పంపిన కొద్ది నెలలకే యుద్ధం వచ్చింది. యుద్ధం ముగిసింది. తాను బాగున్నానని రెండు ముక్కల కార్డు ఒకటి వచ్చింది గానీ ఫోటో రాలేదు, ఫోటో గురించి మాటా రాలేదు.

"యుద్ధంల ఉన్నోడు ఫోటోలు తిప్పి పంపుకుంట కూసుంటడా? అసలు ముట్టిందో లేదో," అన్నాను నేను.

"రాలేదంటె ఒప్పుకున్నడు. నీకు అన్నీ వంకలే," అంది అవ్వ. ఆ మర్నాడే మాక్లూర్ వెళ్లి, అక్కడి పాస్టరయ్యకు ఇద్దరి పేర్లూ రాయించి వచ్చింది.

పేర్లు రాయించడం అంటే చిన్న సంగతి కాదు. వరుసగా మూడు ఆదివారాలు పిల్ల ఊరి గుడిలో పాస్టరయ్య లేచి, ఫలానావాళ్లకు పెళ్లి నిశ్చయమైంది, ఆటంకం ఏదైనా ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండి అని అడుగుతాడు. మూడోసారి కూడా ఎవరూ లేవకపోతే ఇక పెళ్లే. మొదటి ప్రకటన చదివేశారు. పెళ్లికొడుకు నోటి నుంచి మాత్రం అవునని గానీ కాదని గానీ ఒక్క మాట రాలేదు. రేపు వాడు కాదంటే ఊరందరి ముందు పేరు చదివించుకున్న ఆ పిల్ల గతి ఏమిటి? మళ్లీ బడి తెరిచాక ఉండాల్సింది నేను ఆ ఇంట్లోనే.

అప్పుడు జక్రాన్‌పల్లి నుంచి ఒక మిలిటరీ ఆయన, లీవు మీద వచ్చినవాడు, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పట్నంలో ఎండాకాలం ఉత్సవాలట, మిలిటరీ బ్యాండ్లన్నీ వస్తున్నాయట, మావాడి బ్యాండు కూడా వస్తోందట. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున. ఇంతే చెప్పి చాయ్ తాగి పోయాడు. అవ్వ అప్పుడే పొయ్యి రాజేసి, రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టడం మొదలుపెట్టింది.

"తారీకు మాట్లాడుకొని వద్దం," అంది.

"ముందు వాని మాట తీసుకొని వద్దం," అన్నాను నేను.

శనివారం పొద్దున నిజామాబాద్‌లో ప్యాసింజరు ఎక్కాం. అది ప్రతి స్టేషన్లో ఆగి, ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియనట్టు నిలబడేది. సికింద్రాబాద్‌లో దిగేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. రిక్షా అతన్ని బాపు పెద్ద ధీమాగా అడిగాడు, జల్సా ఎక్కడో అక్కడికి తీసుకుపొమ్మని. ఏ జల్సా అని అతను అడిగాడు. ఎండాకాలంలో అయ్యేదే అన్నాడు బాపు. అతను ముగ్గురినీ ఎక్కించుకుని తీసుకుపోయి ఒక పెద్ద తోట ముందు దింపాడు.

లోపల షామియానాలే షామియానాలు. ఒక దగ్గర లంబాడీ ఆడవాళ్లు ఆడుతున్నారు. ఒక దగ్గర గడ్డం మనుషులు కూర్చుని బొమ్మలు వేస్తున్నారు. ఆ బొమ్మల్లో ఏది పైనో ఏది కిందో నేను పోల్చుకోలేకపోయాను. ఇంకో వేదిక మీద ఒకాయన గుండెలు బాదుకుని ఏడుస్తుంటే కింద జనం చప్పట్లు కొడుతున్నారు. "ఏమైందమ్మా పాపం," అని అవ్వ పక్కావిడను అడిగింది. నాటకం అని ఆవిడ చెప్పింది. అయినా అవ్వ కళ్లు తుడుచుకుంది. డప్పు చప్పుడు ఎక్కడ వినిపిస్తే అక్కడికి కొడుకు ఉన్నాడేమోనని పరుగెత్తేది. బాపు తోలుబొమ్మల ముందు చతికిలబడి లేవనన్నాడు.

"కొడుకును చూడ వచ్చినవా, బొమ్మలాట చూడ వచ్చినవా?" అని నేను అరిచాను. నలుగురూ తిరిగి చూశారు. చేతికి వాలంటీరు పట్టీ కట్టుకున్న ఒక కాలేజీ పిల్లవాడు వచ్చి, ఇది కళల ఉత్సవమనీ, మిలిటరీ వాళ్లది పరేడ్ మైదానంలో అనీ, అది వేరు ఇది వేరు అనీ నచ్చజెప్పాడు. రెండూ ఒకే శనివారం ఎందుకు పెట్టుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

పరేడ్ మైదానం చేరేసరికి పొద్దు వాలింది. మెట్లు మెట్లుగా వేసిన చెక్కల మీద ఇరుక్కుని కూర్చున్నాం. ఒక బ్యాండు వస్తుంది, మైదానం ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తుంది, తిరుగుతుంది, దాని మధ్యలోంచి ఇంకో బ్యాండు దూసుకొస్తుంది, ఒకరికొకరు తగలకుండా ఎలా పోతారో అంతుపట్టదు. కొందరు మోకాళ్ల దాకా గౌను కట్టుకుని తిత్తుల్లోకి గాలి ఊదుతూ వచ్చారు. "మొగోళ్లకు గౌన్లేంది?" అని అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వందల మంది మనుషులు, ఒకటే టోపీ, ఒకటే మీసం, ఒకటే అడుగు. కన్నతల్లి కూడా గుర్తుపట్టకుండా చేయడానికే ఆ బట్టలు వేస్తారేమో అనిపించింది.

"అగో, బాకాలల్ల మూడోడు. నా కొడుకే!" అని అవ్వ లేచి నిలబడి చేయి ఊపింది.

"మూడోడు కాదు, రెండోడు. నడక సూడు, నా నడకనే," అన్నాడు బాపు.

నాకు ఇద్దరూ కాదనిపించింది. కానీ అంతా అయిపోయాక అవ్వ జనాన్ని తోసుకుంటూ వెనక వైపుకు వెళ్లి ఆ మూడోవాడి చేయి గట్టిగా పట్టుకుంది. దగ్గరగా చూస్తే అతను ఎక్కడి పిల్లవాడో, మన భాషే కాదు. పాపం, మంచివాడు. అవ్వ నోట్లో పెట్టిన మలీద ముద్ద మింగి, ఆమె చెప్పిన పేరు విని, లారీల వైపు చూపించాడు. అక్కడ ఒకడు కింద కూర్చుని పళ్లెమంత ఇత్తడి తాళాలను గుడ్డ సంచిలో పెడుతున్నాడు. వాడే మా తమ్ముడు.

బాకా వాడి చేతిలో లేదు. ఎందుకు లేదని నాకు అప్పుడే అడగాలనిపించింది. అవ్వ అడగనిస్తేగా.

"మంచిగున్నవా కొడుకా?"

తమ్ముడు నవ్వి తల ఊపాడు.

"టైముకు తింటున్నవా?"

తల ఊపాడు.

"మరి గింత బక్కగైతివేంది?"

దానికీ అలాగే నవ్వి తల ఊపాడు. అవ్వ పట్టించుకోలేదు.

"మాక్లూర్ పోరి నచ్చిందా? పెండ్లి కానియ్యాల్నా?"

తల ఊపాడు. అవ్వ గెలిచినట్టు నా వైపు చూసింది. "విన్నవా?" అంది.

నేను వాడి కళ్లనే చూస్తున్నాను. వాడు అవ్వ కళ్లలోకి చూడటం లేదు, పెదవులకేసి చూస్తున్నాడు. బోధన్‌లో పుట్టినవాళ్లకు ఆ చూపు తెలుసు. బాయిలర్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన ముసలివాళ్లు అలాగే చూస్తారు. ఆ హోరుకు చెవులు పోయి, ఎదుటివాడి మూతి చూస్తూ, ఏం అడిగినా నవ్వి తల ఊపుతారు. నేను మెల్లగా తమ్ముడి వెనక్కు వెళ్లి "తమ్మీ" అని పిలిచాను. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. పక్కనున్న సిపాయి తిరిగాడు. మా వాడు తిరగలేదు.

ఇంతలో ఎవరో ఈల వేశారు. "రేపు పొద్దున తోటల వాయిస్తం, రాండ్రి," అని తమ్ముడు అవసరమైన దానికంటే గట్టిగా అరిచి లారీ ఎక్కాడు.

ఆదివారం పొద్దున ఆ కళల తోటలోనే చెట్ల కింద గుండ్రటి అరుగు మీద వాళ్ల బ్యాండు కూర్చుంది. "ఈపాటికి మాక్లూర్‌ల రెండో ప్రకటన సదివి ఉంటరు," అంది అవ్వ సంతోషంగా. నేను తమ్ముణ్ని చూస్తున్నాను. అందరి ముందూ కాగితాలున్నాయి. వాడు కాగితం వైపు చూడటం లేదు. బ్యాండు మాస్టరు చేతి కర్రను రెప్ప వేయకుండా చూస్తూ, అది దిగిన క్షణానికి తాళాలు కొడుతున్నాడు. ఒక్కటీ తప్పలేదు. జనం చప్పట్లు కొట్టారు. పాట అంత బాగున్నప్పుడు నాకు ఏడుపెందుకు వస్తోందో పక్కవాళ్లకు అర్థమై ఉండదు.

మధ్యలో విరామం ఇచ్చారు. అవ్వ మలీద మూట విప్పి బ్యాండు వాళ్లందరికీ పంచడానికి పోయింది. బాపు మళ్లీ తోలుబొమ్మల వైపు జారుకున్నాడు. నేను తమ్ముణ్ని చెట్టు చాటుకు లాగి, ఉత్సవం కాగితం వెనక పెన్సిలుతో రాశాను: వినపడటం లేదా?

వాడు చదివి, అవ్వ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించడానికి చాలా కష్టపడుతూ చెప్పాడు.

"బ్యాండోళ్లు యుద్ధంల బాకాలు ఊదరక్కా. స్ట్రెచర్లు మోస్తరు. మేం మోస్తుంటె పక్కన్నే బాంబు పడ్డది. ఒక చెవి మొత్తం పోయింది. ఇంకోటి జర జర. బాకా ఊదితె నా సప్పుడు నాకే తెలుస్తలేదు. మాస్టరు మంచోడు, తాళాలిచ్చి కూసోబెట్టిండు. పైనోళ్లకు తెలిస్తె ఇంటికి పంపుతరు. అవ్వకు చెప్పకు."

ఫోటో ముట్టిందా అని రాశాను. జేబులోంచి తీసి చూపించాడు. అంచులు నలిగిపోయి ఉన్నాయి.

"తిప్పి పంపాలెనని ఎన్నిసార్లు కవరుల పెట్టిన్నో. పంప బుద్ది గాలె." ఫోటో మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ఆ పిల్లకు ఎరుకేనా అక్కా, నాకు వినపడదని?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నువ్వు చెప్పు. తెలిసి వస్తనంటెనే చేసుకుంట. వద్దంటె ఒక్క ముక్క రాయి, ఫోటో పంపుత. దాచి మాత్రం చెయ్యకుండ్రి."

చెప్తాను అని రాశాను. వాడికి నమ్మకం కలగాలని దాని కింద గీత కూడా గీశాను. బడి పిల్లల కాపీల్లో తప్ప నేను ఎక్కడా గీతలు గీయను.

బుధవారం బస్సెక్కి మాక్లూర్ వెళ్లాను. ఆ పిల్ల వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతూ పాడుకుంటోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టి లేచింది.

"ఏం వాయిస్తుండక్కా?" అదే మొదటి ప్రశ్న.

"తాళాలు," అన్నాను.

"బాకా ఇడిసి తాళాలెందుకు?"

చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. "బ్యాండుల గట్లనే మారుస్తుంటరు," అన్నాను.

ఆమె లోపలికి పోయి ఒక నోటు పుస్తకం తెచ్చింది. బాకాకు బాగుంటాయని తాను ఎంచి రాసుకున్న పాటలు, పన్నెండు. ఎక్కడ తాను ఆగాలో, ఎక్కడ వాడు ఊదాలో ఎర్ర సిరాతో గుర్తులు పెట్టింది. వాళ్లమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను. ఎండ గురించి మాట్లాడాను. బస్సు వస్తుందని లేచాను. ఆ అమ్మాయి రోడ్డు దాకా వచ్చి సాగనంపింది. అప్పుడు కూడా చెప్పలేదు.

ఉత్తరం రాద్దామనుకున్నాను. రాసి చింపాను. శనివారం మళ్లీ వెళ్దామనుకున్నాను, వెళ్లలేదు. ఎందుకు చెప్పలేదని నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. చెబితే ఆమె వద్దంటుందనా? మా వాడికి మళ్లీ ఎవరూ దొరకరనా? ఆ సంగతి ఊరంతా పాకి వాడి ఉద్యోగం పోతుందనా? ఒక్కోరోజు ఒక్కో జవాబు తోస్తుంది. ఏదీ నిలవదు.

మూడో ఆదివారం మేమంతా మాక్లూర్ గుడికి వెళ్లాం. పాస్టరయ్య పేర్లు చదివాడు. ఆటంకం తెలిసినవాళ్లు ఇప్పుడే చెప్పండి అని ఆగాడు. ఎప్పుడూ లేనిది ఆ రోజు చాలాసేపు ఆగినట్టు అనిపించింది. నేను పాటల పుస్తకం తెరిచి, పేజీ కోసం వెతుకుతున్నట్టు కూర్చున్నాను. గోడ దగ్గర మగవాళ్ల వైపు బాపు తల వంచుకుని అరచేతులు చూసుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు బాయిలర్ దగ్గర ఉన్న మనిషి, కొడుకు చూపు పోల్చుకోకుండా ఉండడు. ఆయనకూ తెలుసునని నాకు అప్పుడు తట్టింది. ఆయనా లేవలేదు. మేం ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు. పాస్టరయ్య పుస్తకం మూశాడు. ఆ పిల్ల లేచి పాట ఎత్తుకుంది.

పెళ్లికి తమ్ముడు పది రోజుల లీవు మీద వచ్చాడు. గుడి మెట్ల దగ్గర నన్ను ఆపి, నా పెదవులకేసి చూస్తూ అడిగాడు.

"చెప్పినవు గదక్కా? ఏమన్నది?"

"సరే అన్నది," అన్నాను. వాడికి స్పష్టంగా తెలియాలని నోరు బాగా తెరిచి, మెల్లగా అన్నాను.

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "గసుంటి పిల్ల దొరకదక్కా," అని లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున బోధన్‌లో మా వాకిట్లో వాడు గడపకు వీపు పెట్టి కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు. నేను వంటింటి గుమ్మంలో కూరగాయలు కోస్తున్నాను. ఆమె లోపలి నుంచి వచ్చి వాడి వెనక నిలబడి, నా వైపు చూసి సిగ్గుగా నవ్వి, పన్నెండింట్లో మొదటి పాట మెల్లగా ఎత్తుకుంది. రెండు చరణాలు పాడి, ఎర్ర గుర్తు దగ్గర కాబోలు, ఆగింది. వాడు బూటు తిప్పి మడమ రుద్దుకుంటున్నాడు. ఆమె ఇంకాస్త గొంతు పెంచి మళ్లీ పాడింది. పేరు పెట్టి పిలవకూడదు కాబట్టి "ఇగో, నిన్నే" అంది. మళ్లీ అంది. కత్తిపీట మీద పెట్టిన వంకాయ నా చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆమె ముఖంలో రంగు పోవడం నేను చూశాను. చాలాసేపు వాడి వీపునే చూస్తూ నిలబడింది. తర్వాత నా దగ్గరకు వచ్చి పక్కన కూర్చుంది. నిన్నటిదాకా అక్కా అనేది.

"వదినె," అంది, "నీకు ఎరుకనా?"

"నాకేం తెల్వదు," అన్నాను.

వంకాయ కోయబోయాను, కళ్లలో నీళ్లు అడ్డం వచ్చాయి. ఆమె నా చేతులను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తమ్ముడి సంగతి అప్పుడే తెలిసి కుప్పకూలిపోతున్న అక్కను అనుకుంది నన్ను. తన కళ్లు తుడుచుకోకుండా ముందు నా కళ్లే తుడిచింది.

"ఏడువకు వదినె," అంది. "ఫికర్ చెయ్యకు. అవ్వకు నేను చెప్పనులే."